ప్రోటియాసోమ్ కూర్పు

ప్రోటియాసోమ్ అనేది జీవకణాలలో పాడైపోయిన, తప్పుగా మడతపడిన, లేదా పని ముగిసిన ప్రోటీనులను చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించే ఒక పెద్ద అణుయంత్రం. ఈస్ట్ మొదలుకొని మనిషి వరకు కేంద్రకం గల కణాలన్నింటిలోను ఇది ఉంటుంది. కణద్రవ్యంలోను, కేంద్రకంలోను కనిపిస్తుంది. కణం లోపలి ప్రోటీనులలో అధిక భాగం చివరకు దీని గుండానే పోతాయి. అరవైకి పైగా ప్రోటీను భాగాలు కలిస్తేగాని పూర్తి యంత్రం తయారు కాదు. ఈ భాగాలు ఏ వరుసలో కలుస్తాయి, కోత కోసే శక్తి ఏ క్షణంలో మేల్కొంటుంది, తలుపు ఎప్పుడు తెరచుకుంటుంది అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు. యంత్రం స్వరూపాన్ని అవసరమైనంత మేరకే వివరించడం జరిగింది.

సమస్య ఏమిటి

ప్రోటీనును కోసే ఎంజైము కణానికి అవసరమే, ప్రమాదకరం కూడా. జీర్ణాశయంలోని ఎంజైములు కణం బయట పనిచేస్తాయి. లైసోజోములోని ఎంజైములు ఒక పొర సంచిలో బంధింపబడి ఉంటాయి. ప్రోటియాసోమ్‌కు అటువంటి పొర లేదు. అది కణానికి కావలసిన వేలకొద్దీ ప్రోటీనుల మధ్యనే తిరుగుతూ ఉంటుంది. కనుక కోసే అంచులు లోపలి వైపుకే ఉండాలి, లోపలికి దారి ఇరుకుగా ఉండాలి, ఆ దారికి తలుపు ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా, యంత్రం పూర్తిగా మూసుకోకముందే అంచులకు పదును రాకూడదు.

వేములవాడ, సిరిసిల్ల ప్రాంతాలలో పిండిమరను గిర్ని అంటారు. గిర్నిని విప్పి బాగుచేసినవారు రాళ్ళు బిగించి, మూత వేసి, ఆ తరువాతనే పట్టా తగిలిస్తారు. పట్టా ముందు తగిలిస్తే చేతులు పోతాయి. కణం కూడా ఇదే క్రమాన్ని పాటిస్తుంది. అయితే ఇక్కడ బిగించే మనిషి లేడు. భాగాలే ఒకదానినొకటి గుర్తుపట్టి కూడుకోవాలి. ఈ పోలిక ఇంతవరకే సరిపోతుంది.

యంత్రం స్వరూపం

పూర్తి యంత్రాన్ని 26ఎస్ ప్రోటియాసోమ్ అంటారు. ఎస్ అనేది స్వెడ్‌బర్గ్ ప్రమాణం. అపకేంద్ర యంత్రంలో తిప్పినపుడు కణిక ఎంత వేగంగా అడుగుకు దిగుతుందో తెలియజేస్తుంది. 26ఎస్ ప్రోటియాసోమ్ అణుభారం సుమారు 25 లక్షల డాల్టనులు. దీనిలో రెండు ముఖ్య భాగాలు ఉన్నాయి.

మధ్యలో ఉండేది 20ఎస్ అంతర్భాగం. ఇది పీపా ఆకారంలో ఉంటుంది. పొడవు సుమారు 15 నానోమీటర్లు, వెడల్పు 11 నానోమీటర్లు. ఏడేసి ఉపభాగాలు గల నాలుగు వలయాలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటాయి. బయటి రెండు వలయాలు ఆల్ఫా ఉపభాగాలతోను, లోపలి రెండు బీటా ఉపభాగాలతోను ఏర్పడతాయి. మొత్తం 28 ఉపభాగాలు. ప్రతి బీటా వలయంలో మూడింటికి మాత్రమే, అంటే బీటా1, బీటా2, బీటా5 లకు మాత్రమే, కోసే శక్తి ఉంటుంది. కోత కోసేది ఆ ఉపభాగపు మొట్టమొదటి అమినో ఆమ్లమైన త్రియోనిన్. ఈ చిన్న వివరాన్ని గుర్తుంచుకోవాలి. క్రియాశీలత కథ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

పీపా ఒక కొసకు గాని రెండు కొసలకు గాని 19ఎస్ నియంత్రణ భాగం అతుక్కుంటుంది. దీనిలో ఆధారం, మూత అని రెండు అంశాలు ఉన్నాయి. ఆధారంలో ఏటీపీని ఖర్చు చేసే ఆరు ఉపభాగాల వలయం (ఆర్‌పీటీ1 నుండి ఆర్‌పీటీ6 వరకు) ఉంటుంది. యూబిక్విటిన్ గుర్తును పట్టుకునే ఉపభాగాలలో ఎక్కువ ఆధారం వైపున, గుర్తును కత్తిరించి వేరుచేసే ఆర్‌పీఎన్11 మూత వైపున ఉంటాయి.

ఏ ప్రోటీనును కోయాలో నిర్ణయించేది ప్రోటియాసోమ్ కాదు. 76 అమినో ఆమ్లాల చిన్న ప్రోటీను అయిన యూబిక్విటిన్‌ను ఈ1, ఈ2, ఈ3 అనే మూడు రకాల ఎంజైములు ఒకదాని తరువాత ఒకటిగా అందిస్తూ, కోయవలసిన ప్రోటీనుకు గొలుసుగా తగిలిస్తాయి. ఈ గుర్తు ఉన్నదానినే యంత్రం లోపలికి లాక్కుంటుంది. ఈ విధానాన్ని కనుగొన్నందుకు ఆరన్ సీకనోవర్, అవ్‌రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్ లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

చరిత్ర

శరీరంలోని ప్రోటీనులు స్థిరంగా ఉండవని, నిత్యం కూల్చబడి మళ్ళీ కట్టబడుతూ ఉంటాయని 1930ల చివర రుడాల్ఫ్ షోన్‌హైమర్ ఐసోటోపుల సహాయంతో చూపాడు. 1953లో సింప్సన్ కాలేయపు ముక్కలతో చేసిన ప్రయోగాలలో ఒక వింత బయటపడింది. ప్రోటీనును కూల్చడానికి కూడా శక్తి కావలసి వస్తోంది. రసాయనశాస్త్రం ప్రకారం పెప్టైడు బంధాన్ని తెంచడానికి బయటి నుండి శక్తి ఇవ్వనవసరం లేదు. మరి కణం ఆ శక్తిని దేనికి ఖర్చు చేస్తున్నట్లు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి పాతికేళ్ళకు పైగా పట్టింది.

ఆ శక్తి ఏటీపీ రూపంలో వస్తుంది. ఇక్కడ ఒక తెలుగువాని ప్రస్తావన తప్పదు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరాల నుండి గుర్తించి ప్రకటించాడు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. సుబ్బారావు పేరు చెప్పగానే మందులు గుర్తుకు వస్తాయి గాని, కణశాస్త్రంలో ఆయన చేసిన ఈ పని కూడా తక్కువది కాదు.

1977లో ఎట్లింగర్, ఆల్‌ఫ్రెడ్ గోల్డ్‌బర్గ్ లు కుందేలు అపరిపక్వ ఎర్రరక్త కణాల సారంలో ఏటీపీ ఉంటేనే ప్రోటీనులు కూలుతున్నాయని చూపారు. ఆ కణాలలో లైసోజోములు లేవు. కాబట్టి మరొక యంత్రం ఉండి తీరాలి. 1980లో విల్క్, ఒర్లోవ్‌స్కీ లు పలు రకాల కోతలు కోసే ఒక పెద్ద ఎంజైమును వర్ణించారు. 1980ల మధ్యలో రెక్‌స్టైనర్ బృందం యూబిక్విటిన్ తగిలిన ప్రోటీనులను కూల్చే 26ఎస్ కణికను వేరుచేసింది. 1988లో ప్రోటియాసోమ్ అన్న పేరు వచ్చింది. 1995లో థర్మోప్లాస్మా అనే ఆర్కియా జీవి నుండి, 1997లో ఈస్ట్ నుండి 20ఎస్ స్ఫటిక నిర్మాణాలు వెలువడ్డాయి. యంత్రం ఎలా ఉంటుందో తెలిసిన తరువాతనే, అది ఎలా కూడుతుందో అడగడం సాధ్యమైంది.

20ఎస్ కూర్పు

కూర్పు ఆల్ఫా వలయంతో మొదలవుతుంది. ఏడు ఆల్ఫా ఉపభాగాలూ ఒకే ఆకృతిలో ఉంటాయి, కాని ఒకటి కాదు. ప్రతిదానికీ వలయంలో ఒక నిర్ణీత స్థానం ఉంది. వాటిని వాటి ఇష్టానికి వదిలేస్తే పొరపాట్లు జరుగుతాయి. ఉదాహరణకు మనిషి ఆల్ఫా7ను బాక్టీరియాలో ఒంటరిగా తయారుచేస్తే అదే ఏడుసార్లు కూడి వలయం కట్టుకుంటుంది. ఈస్ట్‌లో ఆల్ఫా3 లేకపోతే ఆ స్థానంలో మరొక ఆల్ఫా4 వచ్చి కూర్చుంటుంది.

ఇటువంటి పొరపాట్లను నివారించేవి షాపెరోన్లు అనే తోడు ప్రోటీనులు. ఇవి కూర్పులో సాయపడి, పని అయిన తరువాత తప్పుకుంటాయి. ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజి వంటివి. పాక్1, పాక్2 జంటను 2005లో జపానులోని తనాకా, మురాతా ల బృందం గుర్తించింది. పాక్3, పాక్4 మరొక జంట. ఈస్ట్‌లో వీటికి సమానమైనవి పీబీఏ1 నుండి పీబీఏ4 వరకు. మొదటి జంట వలయపు బయటి ముఖాన కూర్చుంటుంది. రెండవ జంట లోపలి ముఖాన, అంటే బీటాలు రావలసిన వైపు ఉంటుంది. బీటా ఉపభాగాలు వచ్చి చేరేటప్పుడు వాటికి చోటు చాలక రెండవ జంట తొలగిపోతుంది. మొదటి జంట మాత్రం చివరివరకు కదలదు. దానికి వేరే పని ఉంది.

ఆల్ఫా వలయం మీద మొదట బీటా2, ఆ తరువాత బీటా3, బీటా4, ఇలా ఒక క్రమంలో బీటాలు చేరతాయి. బీటా2 తన పొడవాటి తోకను పక్కనున్న బీటా3 చుట్టూ చుట్టి పట్టుకుంటుంది. అన్నిటికంటె చివర వచ్చేది బీటా7. ఈ కూర్పు అంతటా యూఎంపీ1 అనే మరొక తోడు ప్రోటీను వెంట ఉంటుంది. దీనిని 1998లో రామోస్, డోమెన్, వార్షవ్‌స్కీ తదితరులు ఈస్ట్‌లో కనుగొన్నారు. మనిషిలో దీని పేరు పాంప్. దీనికి గట్టి ఆకారం అంటూ లేదు. దారంలా సాగి, సగం కట్టిన పీపా లోపలి గోడను అంటిపెట్టుకుని ఉంటుంది.

ఆల్ఫా వలయం, బీటా వలయం, యూఎంపీ1 కలిసినదాన్ని సగం ప్రోటియాసోమ్ అనవచ్చు. అటువంటి రెండు సగాలు ముఖాముఖిగా కలిస్తే పీపా పూర్తవుతుంది. అయితే ఏడు బీటాలూ చేరకముందే సగాలు కలవకుండా యూఎంపీ1 అడ్డుపడుతుంది. చివర వచ్చే బీటా7 తన తోకను అవతలి సగంలోకి చొప్పించి ఆ అడ్డును అధిగమిస్తుంది. చివరి భాగం రానిదే తలుపు మూయకూడదు, చివరి భాగం చేతిలోనే తాళం ఉంది. ఏ పర్యవేక్షకుడూ లేకుండా లెక్క సరిచూసుకునే పద్ధతి ఇది.

కోసే శక్తి మేల్కొనడం

బీటా1, బీటా2, బీటా5 లు పుట్టినప్పుడు వాటి త్రియోనిన్ మొదటి స్థానంలో ఉండదు. దాని ముందు ఒక అదనపు తునక ఉంటుంది. దీనిని పూర్వపెప్టైడు అంటారు. ఒరలో కత్తి వలె త్రియోనిన్ దాని వెనుక దాగి ఉంటుంది. అందువలన విడిగా తేలుతున్న బీటా ఉపభాగం దేనినీ కోయలేదు.

రెండు సగాలు కలిసిన తరువాత మాత్రమే త్రియోనిన్ చుట్టూ ఉన్న అమరిక సరిగా కుదురుతుంది. అప్పుడు ఆ ఉపభాగం తన పూర్వపెప్టైడును తానే కోసుకుంటుంది. బయటి ఎంజైము ఏదీ అక్కరలేదు. త్రియోనిన్ బయటపడుతుంది, అంచుకు పదును వస్తుంది. అప్పటికి పీపా మూసుకునే ఉంది. కనుక ఆ పదునుకు బయటి ప్రోటీనులు అందవు.

లోపల చిక్కుకున్నది మాత్రం ఒకటి ఉంది. అది యూఎంపీ1. కొత్త యంత్రం మొట్టమొదట కూల్చేది తనను కట్టడానికి తోడ్పడిన ఈ ప్రోటీనునే. ప్రోటియాసోమ్ కథలో దీనికంటె విచిత్రమైన ఘట్టం లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

పాక్1, పాక్2 జంట సంగతి చూద్దాం. 19ఎస్ భాగం అతుక్కునే గుంటలలోకే ఈ జంట కూడా తన తోకలను చొప్పించి ఉంటుంది. అందువలన సగం కట్టిన పీపాకు 19ఎస్ అంటుకోలేదు. లోపల త్రియోనిన్లు బయటపడిన తరువాత ఆల్ఫా వలయపు ఆకృతి స్వల్పంగా మారి, జంట పట్టు సడలుతుంది. ఆ చోటికి 19ఎస్ వస్తుంది. లోపలి పని ముగిసిందన్న వార్త బయటి ముఖానికి ఈ విధంగా చేరుతుంది.

19ఎస్ కూర్పు, తలుపు తెరచుకోవడం

ఆధారంలోని ఆరు ఆర్‌పీటీలు మొదట జంటలుగా కూడతాయి: ఆర్‌పీటీ1 తో ఆర్‌పీటీ2, ఆర్‌పీటీ3 తో ఆర్‌పీటీ6, ఆర్‌పీటీ4 తో ఆర్‌పీటీ5. ఒక్కొక్క జంటకు వేరువేరు తోడు ప్రోటీనులు ఉన్నాయని 2009లో పలు బృందాలు దాదాపు ఒకేసారి ప్రకటించాయి. ఈస్ట్‌లో వీటి పేర్లు హెచ్‌ఎస్‌ఎం3, నాస్6, ఆర్‌పీఎన్14, నాస్2. మనిషిలో నాస్6 కు సమానమైన గాంకిరిన్ కాలేయ క్యాన్సరులో అధికంగా కనబడుతుంది. 2014లో ఏడీసీ17 అనే మరొక తోడు ప్రోటీను బయటపడింది. కణం ఒత్తిడికి లోనైనపుడు కూర్పును నిలబెట్టడం దీని పని. మూత వేరుగా కూడి, చివర ఆర్‌పీఎన్12 చేరిన తరువాతనే ఆధారానికి అతుకుతుంది. ఇక్కడ కూడా చివరి భాగమే అనుమతి పత్రం.

ఆల్ఫా వలయపు మధ్య రంధ్రాన్ని ఆల్ఫా ఉపభాగాల ముందు కొసలు అడ్డంగా పడుకుని మూసి ఉంచుతాయి. 19ఎస్ అతుక్కున్నపుడు ఆర్‌పీటీల తోకలు ఆల్ఫా వలయంలోని గుంటలలోకి తాళం చెవుల వలె దిగుతాయి. ఆరింటిలో మూడింటి తోకల చివర ఒక ప్రత్యేక అమినో ఆమ్లాల వరుస ఉంటుందని, దాని వల్లనే తలుపు తెరచుకుంటుందని 2007లో గోల్డ్‌బర్గ్ బృందం చూపింది. గుంటలు ఏడు, తోకలు ఆరు. ఈ పొత్తు కుదరకపోవడం లోపం కాదు. ఆర్‌పీటీ వలయం స్థిరంగా బిగుసుకుపోకుండా, ఏటీపీ ఖర్చయిన కొద్దీ కదలడానికి అది వీలు కల్పిస్తుందని భావిస్తున్నారు.

తలుపు తెరిచినా దారి ఇరుకే. మడతపడిన ప్రోటీను దానిలో పట్టదు. ఆర్‌పీటీ వలయం ఏటీపీ శక్తితో ప్రోటీనును పట్టి లాగి, మడతలు విప్పి, దారంలా లోపలికి పంపుతుంది. లాగుతున్నపుడే ఆర్‌పీఎన్11 యూబిక్విటిన్ గొలుసును తెంచి మళ్ళీ వాడుకోవడానికి వదులుతుంది. ఈ దశలను 2018లో శీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ద్వారా చిత్రాలుగా చూడగలిగారు. 1953 నాటి ప్రశ్నకు జవాబు ఇదే: శక్తి ఖర్చయ్యేది కోతకు కాదు, గుర్తు తగిలించడానికి, మడతలు విప్పి లోపలికి లాగడానికి.

ఎన్ని కావాలో తెలుసుకోవడం

ఈస్ట్‌లో ప్రోటియాసోమ్ జన్యువులను నడిపేది ఆర్‌పీఎన్4 అనే ప్రోటీను. దీని అర్ధాయువు సుమారు రెండు నిమిషాలే, ఎందుకంటే ప్రోటియాసోమే దానిని కూల్చేస్తుంది. యంత్రాలు చాలినన్ని లేకపోతే ఆర్‌పీఎన్4 మిగిలిపోతుంది, జన్యువులు మేల్కొంటాయి, కొత్త యంత్రాలు తయారవుతాయి. అవి చాలినన్ని కాగానే ఆర్‌పీఎన్4 కూలిపోతుంది. మనిషిలో ఈ పనిని ఎన్‌ఆర్‌ఎఫ్1 చేస్తుందని 2010లో తెలిసింది.

ఉన్న యంత్రాలను వేగవంతం చేసే పద్ధతి కూడా ఉంది. 2015లో హార్వర్డు వైద్య కళాశాలలోని గోల్డ్‌బర్గ్ ప్రయోగశాల నుండి వచ్చిన పరిశోధనా పత్రంలో మొదటి రచయిత సుదర్శనరెడ్డి లోకిరెడ్డి. కణంలో సైక్లిక్ ఏఎంపీ పెరిగినపుడు ప్రోటీన్ కైనేజ్ ఎ అనే ఎంజైము ఆర్‌పీఎన్6 కు ఫాస్ఫేటును తగిలిస్తుందని, దానితో 26ఎస్ వేగం పెరిగి, తప్పుగా మడతపడిన ప్రోటీనులు త్వరగా కూలుతాయని ఆ పత్రం తెలిపింది. సుబ్బారావు ఫాస్ఫరస్‌ను కొలిచిన వైద్య కళాశాలలోనే ఇది జరగడం యాదృచ్ఛికమే.

వైరస్ సోకినపుడు ఇంటర్‌ఫెరాన్ గామా ప్రభావంతో బీటా1, బీటా2, బీటా5 లకు బదులు వేరే రూపాలు పీపాలోకి చేరతాయి. దీనిని ఇమ్యూనోప్రోటియాసోమ్ అంటారు. పాత పీపాలో భాగాలు మార్చడం సాధ్యం కాదు. కొత్త పీపాను మొదటి నుండి కట్టాలి. ఇది కోసిన ముక్కలు కణం పైభాగాన ప్రదర్శింపబడి, రోగనిరోధక కణాలకు వైరస్ జాడ తెలుపుతాయి.

వ్యాధులు, మందులు

కూర్పులో లోపం మనిషిలో నేరుగా వ్యాధిగా కనబడుతుంది. పాంప్ జన్యువులోని మార్పు వలన క్లిక్ అనే అరుదైన చర్మవ్యాధి వస్తుందని 2010లో తేలింది. ఇమ్యూనోప్రోటియాసోమ్ బీటా5 రూపంలో లోపం ఉన్న పిల్లలలో మాటిమాటికి జ్వరం, చర్మంపై మచ్చలు, శరీరంలోని కొవ్వు కరిగిపోవడం కనబడతాయి.

మరొక వైపు, యంత్రాన్ని కావాలని ఆపడమే వైద్యం అయిన సందర్భం మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సరు. ఈ క్యాన్సరు కణాలు ప్రతిరక్షకాలను విపరీతంగా తయారుచేస్తాయి. కనుక తప్పుగా మడతపడే ప్రోటీనులు కూడా ఎక్కువే, ప్రోటియాసోమ్ మీద ఆధారపడటం ఎక్కువే. బీటా5 లోని త్రియోనిన్‌ను బోరాన్ అణువుతో పట్టుకునే బోర్టిజోమిబ్ 2003లో అమెరికాలో అనుమతి పొందింది. తరువాత 2012లో కార్‌ఫిల్‌జోమిబ్, 2015లో ఇక్సజోమిబ్ వచ్చాయి. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్, నాట్కో సంస్థలు బోర్టిజోమిబ్ జనరిక్ రూపాలను తయారుచేశాయి. అదే వ్యాధికి వాడే లెనాలిడోమైడ్ యంత్రాన్ని ఆపదు; ఒక ఈ3 ఎంజైమును దారి మళ్ళించి, క్యాన్సరు కణానికి అవసరమైన ప్రోటీనులకు గుర్తు తగిలేలా చేస్తుంది. నాట్కో తయారుచేసిన లెనాలిడోమైడ్ జనరిక్ 2022 మార్చిలో టెవా సంస్థ ద్వారా అమెరికా విపణిలోకి ప్రవేశించింది.

గుర్తు తగిలించే దశపై హైదరాబాదులోని డీఎన్ఏ వేలిముద్రల కేంద్రంలో (సీడీఎఫ్‌డీ) మద్దిక సుబ్బారెడ్డి బృందం పనిచేస్తోంది. క్యాన్సరును అదుపు చేసే పీటెన్ అనే ప్రోటీనుకు డబ్ల్యుడబ్ల్యుపీ2 అనే ఈ3 ఎంజైము యూబిక్విటిన్ తగిలిస్తుందని 2011లో ప్రచురించిన పరిశోధనకు ఆయన సారథి. 2022 సంవత్సరానికి జీవశాస్త్రంలో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి పొందినవారిలో ఆయన ఒకరు.

బాక్టీరియాలలో అధిక భాగానికి ప్రోటియాసోమ్ లేదు. క్షయ కారకమైన మైకోబాక్టీరియానికి మాత్రం ఉంది. యూబిక్విటిన్‌కు బదులు అది పప్ అనే వేరే గుర్తును వాడుతుందని 2008లో కనుగొన్నారు. రోగి రక్షక కణాలు వదిలే నైట్రిక్ ఆక్సైడును తట్టుకోవడానికి ఈ వ్యవస్థ దానికి తోడ్పడుతుందని 2003లోనే తెలిసింది. ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగవ వంతు భారతదేశంలోనే ఉన్నారు. మనిషి ప్రోటియాసోమ్‌ను తాకకుండా క్షయ క్రిమి ప్రోటియాసోమ్‌ను మాత్రమే ఆపే అణువుల కోసం అన్వేషణ కొనసాగుతోంది.